పిలకాయలకు పుస్తకం మరగాలంటే

అయిదారేళ్ల పిలకాయల్ని కూర్చోబెట్టి 'చదువు' అంటే చదవరు. ముందు మీరు చదివి వినిపించండి. తిరుపతిలో మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక అవ్వ పాత చందమామ తీసేది. 1947లో మొదలైన పత్రిక అది, బేతాళ కథే దానికి ప్రాణం. బేతాళుడు రాజును ప్రశ్న అడిగేదాకా చదివి, "కండ్లు లాగతా ఉండాయి, రేపు చూద్దాంలే" అని పుస్తకం తలగడ పక్కనే పెట్టి పడుకునేది. దాచేది కాదు, అదే కిటుకు. జీరో బల్బు వెలుగులో కూడబలుక్కుంటూ మిగతాది నేనే చదివేదాన్ని.

మీరూ సరిగ్గా ముడి పడిన చోట ఆపండి. "ఇందులో నీతి ఏంది?" అని మాత్రం అడగొద్దు, కథ కాస్తా పరీక్ష అయిపోతుంది. తెచ్చిన పుస్తకమే మళ్లీ తెచ్చినా విసుక్కోకండి. బస్సులో పోతుంటే అలిపిరి, తిరుచానూరు బోర్డులు వాళ్ల చేతే చదివించండి. బొరుగుల పొట్లం కాగితమైనా సరే.

హైస్కూలుకొచ్చాక మన జిల్లా కథలు ఇవ్వండి. దామలచెరువు మధురాంతకం రాజారాం కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. హైస్కూలుకు ముందే ఇస్తే తొందరే, నన్నడిగితే. మధ్యలో మూసేస్తే మూసెయ్యనీండి, ఇంకోటి అందించండి.