టొయోటా 86 శక్తి పెంచాలంటే ముందు ఖర్చు ఎక్కడ పెట్టాలి?

మొదటి తరం టొయోటా 86 స్పోర్ట్స్ కారు గానీ, దాని జంట అయిన సుబారు బీఆర్‌జెడ్ గానీ సెకండ్ హ్యాండ్‌లో కొని, తక్కువ ఖర్చుతో శక్తి పెంచుకోవాలనుకునేవారు దయచేసి మఫ్లర్ (పొగగొట్టంలో శబ్దాన్ని తగ్గించే భాగం) మార్చడంతో మొదలుపెట్టకండి. దానివల్ల శబ్దం మారుతుంది, కాస్త బరువు తగ్గవచ్చు, అంతే.

ఈ కార్లలోని 2.0 లీటర్ల బాక్సర్ ఇంజిన్ (సిలిండర్లు ఇరువైపులా అడ్డంగా ఉండే రకం) 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) వద్ద సుమారు 200 హార్స్‌పవర్ ఇస్తుంది గానీ, రోజువారీ ప్రయాణంలో ఎక్కువగా అవసరపడే 3,500–4,500 ఆర్‌పీఎం మధ్య దాని టార్క్ (తిప్పే బలం) స్పష్టంగా పడిపోతుంది. అసలు లోటు అక్కడే ఉంది. సిలిండర్ల నుంచి వచ్చే పొగను కలిపి బయటికి పంపే ఫ్యాక్టరీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్థానంలో మంచి హెడర్ (పొగ తేలిగ్గా బయటికి పోయేలా చేసిన గొట్టాల సెట్) బిగించి, దానికి తగినట్లు ఇంజిన్ కంప్యూటర్‌ను ట్యూన్ చేయిస్తే ఆ పల్లం చాలావరకు పూడుతుంది. నా దృష్టిలో ఈ కారుకు ఇంతకంటే సార్థకమైన ఖర్చు లేదు. ట్యూన్ చేయించకుండా హెడర్ ఒక్కటే బిగిస్తే పూర్తి ప్రయోజనం దక్కదు.

అయితే పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ మానిఫోల్డ్‌లోనే అమర్చి ఉంటుంది కాబట్టి, అది లేని చవక హెడర్‌ను రోడ్డుపై తిరిగే కారుకు బిగించడం అమెరికాలో చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలోనైతే కన్వర్టర్ ఉన్న హెడర్‌కు కూడా అక్కడి వాయు కాలుష్య నియంత్రణ సంస్థ అయిన ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోద సంఖ్య ఉండాలి.

ఇంజిన్‌కు గాలి అందించే ఎయిర్ ఇన్‌టేక్ విషయానికి వస్తే, ఫ్యాక్టరీ పెట్టెలో శుభ్రమైన ఫిల్టర్ ఉంటే చాలు. ఈ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) 12.5:1, అంటే చాలా ఎక్కువ కనుక, ఏ ఆక్టేన్ (ఒత్తిడికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) పెట్రోలుకు ట్యూన్ చేయించారో అంతకంటే తక్కువది ఎన్నడూ పోయించకండి.