బాలయేసు కథలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మూడో గడి

ముందు గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి. మత్తయి సువార్త మొదటి రెండు అధ్యాయాల్లో కలలు ఎన్ని, యోసేపు పలికిన మాటలు ఎన్ని అని అడిగాను. కలలు ఐదు: నాలుగు యోసేపువి, ఒకటి తూర్పు జ్ఞానులది. యోసేపు మాటలు సున్న. నిద్ర లేస్తాడు, దూత చెప్పింది చేస్తాడు, అంతే. లూకాలోనైనా ఏమైనా మాట్లాడాడేమోనని అక్కడా వెతికినవారికి నా అభినందనలు. అక్కడా ఆయన నోరు విప్పడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఈ పాఠంలోనే దీనితో పని పడుతుంది.

ఈపాటికి మీ నోటు పుస్తకంలో రెండు నిలువు గడులు నిండి ఉండాలి. ఎడమ వైపు మత్తయి: అబ్రాహాముతో మొదలయ్యే వంశావళి, యోసేపు కల, నక్షత్రం, జ్ఞానులు, హేరోదు, ఐగుప్తుకు పరుగు, చివరికి నజరేతు. కుడి వైపు లూకా: జెకర్యా, ఎలీసబెతు, గబ్రియేలు, మరియ పాట, జనసంఖ్య, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, దేవాలయంలో సుమెయోను, ప్రవక్త్రి అన్న, ఆపైన పన్నెండేళ్ల బాలుడు. రెండింటిలోనూ ఉన్నవాటి కింద గీత గీయమన్నాను. గీతలు చాలా తక్కువే పడి ఉంటాయి: మరియ, యోసేపు, దావీదు వంశం, పరిశుద్ధాత్మ వలన గర్భం, బేత్లెహేములో పుట్టుక, హేరోదు కాలం, నజరేతులో పెంపకం. గొర్రెల కాపరుల ఊసు మత్తయి ఎత్తడు. జ్ఞానుల ఊసు లూకా ఎత్తడు. మార్కు, యోహాను సువార్తల్లో శైశవ కథ లేనే లేదు కాబట్టి వాటికి గడి అక్కర్లేదు.

ఇప్పుడు వీటి పక్కన మూడో గడి గీయండి, కాస్త వెడల్పుగా. పైన "ఈ రెండింటిలోనూ లేనివి" అని రాయండి.

దాన్ని నింపడానికి క్రిస్మస్ నాటకమో, గుడిలో పెట్టే పశువుల పాకో మనసులోకి తెచ్చుకుంటే చాలు. ఒక్కొక్క బొమ్మను పట్టుకుని "నీది ఏ గడి?" అని అడగండి. తొట్టి లూకాది. నక్షత్రం మత్తయిది. గొర్రెల కాపరులు లూకా నుంచి, జ్ఞానులు మత్తయి నుంచి వచ్చి పాకలో పక్కపక్కన నిలబడ్డారు. జ్ఞానులు ముగ్గురు అన్నమాట మాత్రం మత్తయిలో లేదు. మూడు కానుకలున్నాయి కాబట్టి తెచ్చినవారూ ముగ్గురే అయ్యారు. పైగా మత్తయి లెక్కన వారు అడుగు పెట్టింది ఇంటిలోకి. పాక అన్నమాట ఏ సువార్తలోనూ లేదు, తొట్టిని బట్టి మనం ఊహించుకున్నాం. ఎద్దు, గాడిద లూకాలో కనబడవు. ఇక నాటకాల్లో తలుపు తీసి "చోటు లేదు పొండి" అని కసురుకునే సత్రం యజమాని ఉన్నాడే, రెండు వేల ఏళ్లుగా తిట్లు తింటున్న ఆ మనిషి సువార్తల్లో పుట్టనే లేదు. సత్రంలో స్థలం లేదని లూకా ఒక్క ముక్క చెప్పి ముందుకు సాగిపోయాడు. తలుపు తీసినవాడు, లాంతరు, కసురు, అన్నీ మన నాటక దర్శకుల పుణ్యమే.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మూడో గడిలో పడ్డదంతా కొట్టివేయాల్సిన సరుకు అనుకుంటారు. ఈ పాఠం ఉద్దేశం అది కాదు. ఏ కథ ఎక్కడిదో తెలిశాక, అది ఎందుకు పుట్టిందో చదవగలగాలి. అందుకు మూడు ప్రశ్నలు చాలు. ఈ సంగతి ముందుగా ఏ పుస్తకంలో కనిపిస్తుంది? సువార్తలు ఏ విషయంలో ఊరుకోవడం వల్ల దీనికి చోటు దొరికింది? ఏ పాత వాక్యం దీనికి దారం ఇచ్చింది?

ఎద్దు, గాడిదలతో సాధన చేద్దాం. ఆ రెండూ శిశువును ఆరాధించినట్టు చెప్పేది మత్తయి పేరుతోనే చలామణి అయిన, అసలు మత్తయిది కాని లాటిన్ గ్రంథం. సువార్తల తర్వాత కొన్ని వందల ఏళ్లకు కూర్చినది. మొదటి ప్రశ్న అయింది. లూకా తొట్టి అన్నాడు, అందులో మేసే పశువు ఏదో చెప్పలేదు. రెండోదీ అయింది. మూడోదానికి యెషయా మొదటి అధ్యాయం, మూడో వచనం తెరవండి. ఎద్దు తన యజమానిని ఎరుగును, గాడిద తన సొంతవాని దొడ్డిని ఎరుగును, నా ప్రజలే ఎరుగరు అని అక్కడ ప్రవక్త నొచ్చుకుంటాడు. ఆ వాక్యంలోని ఎద్దు, ఆ వాక్యంలోని గాడిద నడుచుకుంటూ వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాయి. కాబట్టి పాకలో ఆ బొమ్మలు అందం కోసం వచ్చినవి కావు, యెషయా వాక్యానికి గీసిన చిత్రాలు.

ఇక మూడో గడిలో అసలు పెద్ద పుస్తకం దగ్గరకు వద్దాం. యాకోబు పేరు మీద ఉన్న ఈ గ్రీకు గ్రంథం రెండవ శతాబ్దానిది. దీనికి "పూర్వ సువార్త" అన్న పేరు తర్వాతెప్పుడో వచ్చింది, 1552లో ఫ్రెంచి పండితుడు గియోమ్ పోస్టెల్ ప్రచురించిన లాటిన్ అనువాదంతో. పేరుకు తగ్గట్టే ఇది సువార్తలకు ముందు జరిగిన కథ చెబుతుంది. మరియ తల్లిదండ్రులు యోవాకీము, అన్నమ్మ ఇక్కడివారే. పిల్లలు లేరని అన్నమ్మ చెట్టు కింద కూర్చుని, పైన పిచ్చుక గూడు చూసి ఏడుస్తుంది. మూడేళ్ల మరియను దేవాలయానికి అప్పగిస్తే అక్కడి మెట్టు మీద ఆ పసిపిల్ల నాట్యం చేస్తుంది. యోసేపు పిల్లలున్న విధురుడు. అతని కర్రలోంచి పావురం ఎగిరింది కాబట్టి మరియను అతనికి అప్పగించారు. గ్రంథాన్ని బైబిలులో చేర్చుకోకపోయినా సంఘం ఈ మనుషులను వదులుకోలేదు. కతోలిక క్యాలెండరులో జులై 26 యోవాకీము, అన్నమ్మల పండుగ.

ఈ గ్రంథకర్త చేతిపని ఒకచోట బాగా బయటపడుతుంది. మీ రెండు గడులను పక్కపక్కన పెట్టుకున్న మొదటి పాఠకుల్లో ఆయనా ఒకడు. లూకాలో పొత్తిగుడ్డలు, తొట్టి ఉన్నాయి. మత్తయిలో హేరోదు కత్తి ఉంది. రెండూ కలవవు. ఆయన ఏం చేశాడంటే, పసిపిల్లలను చంపుతున్నారన్న వార్త వినగానే మరియ భయపడి బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో దాచిందని రాశాడు. లూకాలో చోటు లేక పడుకోబెట్టిన తొట్టి ఇక్కడ దాగుడు చోటైంది. రెండు గుడ్డల అంచులు ఇలా కలిపి కుట్టిన చోట దగ్గరగా చూస్తే కుట్టు కనబడుతుంది. మీ పుస్తకంలో ఇలాంటివాటిని చుక్కల గీతతో గుర్తించండి: ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, రెండూ మూడో గడిలోకి.

యోసేపు మాటలు సున్న అని ఇందాక అనుకున్నాం. ఈ గ్రంథంలో ఆయన మాట్లాడతాడు, అదీ నేరుగా "నేను" అంటూ. మరియను గుహలో ఉంచి మంత్రసానిని వెతుక్కుంటూ బయలుదేరాడు. నేను నడుస్తున్నాను, నడవడం లేదు అంటాడు. తల ఎత్తి చూస్తే ఆకాశం నిలిచిపోయి ఉంది, పక్షులు కదలడం లేదు. నేల మీద కూలివాళ్లు అన్నం గిన్నె చుట్టూ ఉన్నారు. గిన్నెలో చేతులు గిన్నెలోనే, నోటి దాకా ఎత్తిన చేతులు నోటి దగ్గరే, నములుతున్నవారి దవడలు నమలడం లేదు. అందరి ముఖాలూ పైకే. గొర్రెలను తోలుతున్న కాపరి కర్ర ఎత్తాడు, చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఏటి ఒడ్డున మేకపిల్లలు నీటికి మూతి ఆనించి ఉన్నాయి, తాగడం లేదు. మరుక్షణం అన్నీ తమ దారిన కదిలాయి.

ఈ ఘట్టానికి రెండో ప్రశ్న వేయండి. పుట్టిన క్షణం గురించి లూకా చెప్పింది ఒక్క వాక్యం, కనెను అని. మత్తయి దాన్ని మాట వరసకు చెప్పి దాటేశాడు, జ్ఞానులు వచ్చేసరికి బిడ్డ పుట్టే ఉన్నాడు. ఆ క్షణం ఎలా ఉండి ఉంటుందన్న ప్రశ్నకు ఈయన జవాబు ఇది. ప్రసవాన్ని వర్ణించకుండా లోకం ఊపిరి బిగబట్టడాన్ని వర్ణించాడు. నా మట్టుకు నాకు మూడో గడి మొత్తంలో ఇంతటి రచన ఇంకొకటి లేదు.

తోమా పేరున ఉన్న బాల్య సువార్త స్వభావం వేరు. నజరేతుకు వచ్చినది మొదలు పన్నెండేళ్ల వరకు లూకా చెప్పింది, పిల్లవాడు పెరిగి బలపడి జ్ఞానంతో నిండాడని ఒక్క వచనం. ఆ ఒక్క వచనంలో ఇమిడిపోయిన ఏళ్లలోకి ఈ పుస్తకం చొరబడింది. ఐదేళ్ల బాలుడు వాన నీటి ప్రవాహం దగ్గర ఆడుకుంటూ మెత్తని మట్టితో పన్నెండు పిచ్చుకలు చేశాడు. అది విశ్రాంతి దినం. చూసినవారు యోసేపుకు చాడీ చెప్పారు, యోసేపు వచ్చి కోప్పడ్డాడు. బాలుడు చప్పట్లు చరిచి పొమ్మన్నాడు. మట్టి పిచ్చుకలు కిచకిచమంటూ ఎగిరిపోయాయి. మట్టి పక్షుల ముచ్చట మన ముస్లిం మిత్రులకూ తెలుసు, ఖురాను 3వ, 5వ సూరాల్లో ఉంది.

దారం ఎక్కడిది? పెద్దవాడైన యేసుపై విశ్రాంతి దినపు ఫిర్యాదులు సువార్తల నిండా ఉన్నాయి. యోహాను 9వ అధ్యాయం చూడండి: పుట్టుగుడ్డివాడి కళ్లకు పూయడానికి ఆయన బురద చేశాడు, అదీ విశ్రాంతి దినానే. మట్టి, విశ్రాంతి దినం, ఫిర్యాదు, మూడూ అక్కడ ఉన్నాయి. వాటిని ముప్పై ఏళ్ల వయసు నుంచి ఐదేళ్ల వయసుకు దించితే పిచ్చుకల కథ వస్తుంది. ఆదికాండం 2:7లో మట్టితో మనిషిని చేసి ఊపిరి ఊదిన వాక్యం కూడా గుర్తు రాక మానదు. కానీ దాన్ని పెన్సిలుతో రాసుకోండి. కథలో ఊదడం లేదు, చప్పట్లే ఉన్నాయి.

పిచ్చుకల కథ ముద్దుగా ఉందని మొత్తం పుస్తకం అలాగే ఉంటుందనుకోవద్దు. నీటి మడుగులు చెడగొట్టిన పిల్లవాడు ఎండిపోతాడు. పరుగెత్తుతూ భుజం తగిలించినవాడు చచ్చిపోతాడు. ఊరివాళ్లు "నీ పిల్లవాడికి శపించడం కాదు, దీవించడం నేర్పు" అని యోసేపు మీద పడతారు, యోసేపు చెవి మెలిపెడతాడు. తర్వాత ఆ శాపాలన్నీ తొలగిపోతాయి నిజమే, కానీ చదివేవారికి ఇబ్బంది తప్పదు. సండే స్కూలు పిల్లలకు చెప్పేవారు ఈ పుస్తకంలోంచి ఏదీ ఎత్తుకోకపోతేనే మంచిదని నా సలహా. అక్షరాలు నేర్పబోయిన గురువు జక్కయ్యకు బాలుడు ఎదురు పాఠం చెప్పే ఘట్టం ఇందులో ఉంది. "ముందు ఆల్ఫా అంటే ఏమిటో చెప్పు, తర్వాత నేను బీటా చెబుతాను" అనే ఆ కథను దాదాపు క్రీ.శ. 180 ప్రాంతంలోనే బిషప్ ఇరేనియస్ ఎరుగును, కల్పితమని తోసిపుచ్చాడు కూడా.

అంతమాత్రాన కథలు ఆగలేదు. హాంబర్గ్‌లోని ఒక గ్రంథాలయంలో దశాబ్దాలుగా ఎవరూ పట్టించుకోని చిన్న పపైరస్ ముక్క ఉంది. ఏదో రోజువారీ కాగితం అనుకున్నారు. అది తోమా బాల్య సువార్తలోని పిచ్చుకల ఘట్టమేనని 2024లో ఇద్దరు పండితులు గుర్తించారు. క్రీ.శ. నాలుగో లేదా ఐదో శతాబ్దానిది, ఆ పుస్తకానికి ఇప్పటివరకు దొరికిన అతి పాత ప్రతి. అక్షరాలు వంకరటింకరగా ఉండటం వల్ల బడిలోనో మఠంలోనో రాతకు సాధనగా రాసింది కావచ్చని వారి అభిప్రాయం. గురువును తికమక పెట్టే బాలుడి పుస్తకంలోంచి ఎవరో శిష్యుడు చేతిరాత దిద్దుకున్నాడన్నమాట!

ఇక మీ పని. లూకా 2:41–52 మరోసారి చదవండి. తోమా పుస్తకం కూడా ఇదే దేవాలయ ఘట్టంతో ముగుస్తుంది, కానీ ముందు లూకా ఒక్కటే చదవండి. పన్నెండేళ్ల బాలుడు బోధకుల మధ్య కూర్చుని ఏం చేస్తున్నాడో క్రియాపదాలు రాసుకోండి. వింటున్నాడా, చెబుతున్నాడా, అడుగుతున్నాడా? తర్వాత వాటి పక్కన జక్కయ్య దగ్గర చేసిన పనుల క్రియాపదాలు పెట్టండి. మరియ ఎన్ని మాటలు అంది, యోసేపు ఎన్ని అన్నాడు, అదీ లెక్కపెట్టండి (రెండోది మీరు ఊహించినదే). చివరికి బాలుడు ఇంటికి ఎవరి వెంట, ఏ తీరున వెళ్లాడో ఒక వాక్యంలో రాయండి.

నాలుగో పాఠంలో జ్ఞానులు రాజులుగా మారిన దారి చూస్తాం. ఒంటెలు ఎక్కడ ఎక్కాయో కూడా తేలుతుంది. కీర్తన 72, యెషయా 60వ అధ్యాయం ఒకసారి చదివి, "రాజులు" అన్న మాట వచ్చిన ప్రతిచోటా గీత గీసి ఉంచండి.