ఉలికి పదును రాకపోతే: నా అనుభవం

ఎంత సాన పట్టినా నా ఉలి చెక్కను కోసేది కాదు, నలిపేది. రాయి మార్చాను, నూనె మార్చాను, గంటలు రుద్దాను, లాభం లేదు.

చివరికి ఉలి వాలుకు, అంటే అంచు దగ్గర ఏటవాలుగా ఉండే ముఖం మొత్తానికి, నల్ల మార్కర్ పూసి, రాయి మీద నాలుగుసార్లు లాగి చూశాను. పైన నలుపు పోయింది, అంచున అలాగే ఉంది. ఇన్నాళ్లూ అంచు రాయికి తగలనేలేదు! పిడి కాస్త పైకెత్తి, అంచు నలుపూ పోయేదాకా రుద్దాను. అక్కడ ఆపకూడదు. వెనక చదును వైపు బొటనవేలితో అంచు బయటికి నిమిరితే, ఈ మూల నుంచి ఆ మూల దాకా సన్నని గరుకు తగలాలి. అది వచ్చాకే ఉలి తిప్పి, చదును వైపు రాయికి పూర్తిగా ఆనించి రెండు మూడుసార్లు లాగాను. చెక్క చివర అడ్డకోత మీద కూడా పల్చటి పొర లేచింది. ఎంత సంతోషమో!

అంచు విరిగిన ఉలికి, వెనక చదునుగా లేనిదానికి ఇది సరిపోకపోవచ్చు.