హెమ్లాక్ అడవి ఫోటోలకు వెళ్తున్నారా? ముందు కొమ్మ తిప్పి చూడండి

పెన్సిల్వేనియా చుట్టుపక్కల ఉండే మనవాళ్ల కోసం ఈ చిట్కా. హెమ్లాక్ అంటే సూదుల్లాంటి ఆకులుండే, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు, ఇక్కడి రాష్ట్ర వృక్షం. పెద్ద తోపు చూడాలంటే కుక్ ఫారెస్ట్ స్టేట్ పార్క్‌లో లాంగ్‌ఫెలో ట్రెయిల్ పట్టుకోండి.

దూరం నుంచి పచ్చగా కనిపించినంత మాత్రాన చెట్టు బాగున్నట్టు కాదు. అందే కొమ్మ ఒకటి నెమ్మదిగా తిప్పి అడుగు చూడండి. ప్రతి ఆకు కింద రెండు సన్నని తెల్ల గీతలు ఉంటాయి, అవి సహజమే, కంగారు పడకండి. ఆకు రెమ్మకు అతుక్కునే చోట దూదిపింజల్లా తెల్లగా ఉంటే మాత్రం అడెల్జిడ్ పురుగు పట్టినట్టే. అమెరికా తూర్పు వైపున 1951లో వర్జీనియాలో మొదట కనబడిన ఈ పురుగు, అప్పలాచియన్ కొండల్లో ఎన్నో తోపుల్ని ఎండబెట్టేసింది. తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. చలికాలం చివర ఈ దూది బాగా కనిపిస్తుంది. మే, జూన్‌లలో కొమ్మల చివర లేత చిగురు నిండుగా వేస్తే చెట్టు బలంగా ఉందన్నమాట.

ఫోటోకి మబ్బు పట్టిన రోజే మేలు. ఎండలో నేలంతా మచ్చలు మచ్చలుగా వస్తుంది. వాన వెలిశాక లెన్స్‌కి తగిలించే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఆకుల మీది మెరుపు తగ్గి అసలు పచ్చదనం బయటపడుతుంది. లోపల చీకటి, ట్రైపాడ్ తప్పనిసరి. పక్కన మనిషిని నిలబెడితే మాను ఎంత పెద్దదో తెలుస్తుంది.

పురుగున్న తోపులో తిరిగిన బట్టలతో మాత్రం మంచి తోపులోకి వెళ్లకండి.