దుబాయి బయలుదేరే ముందు ప్రీపెయిడ్ సిమ్ విషయంలో జాగ్రత్తలు

బ్యాంకు ఖాతాకు జతచేసిన నంబరును వదులుకోకండి. విమానం ఎక్కకముందే దానికి అంతర్జాతీయ రోమింగ్ పెట్టించుకుంటేనే ఓటీపీ సందేశాలు అక్కడ కూడా అందుతాయి. 90 రోజులు వాడని ప్రీపెయిడ్ నంబరును, అందులో 20 రూపాయల బ్యాలెన్స్ కూడా లేకపోతే, కంపెనీ రద్దు చేయవచ్చు కనుక రీఛార్జి బాధ్యతను ఇంట్లో ఒకరికి తప్పనిసరిగా అప్పగించండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అయితే డేటా రోమింగ్‌ను, అంటే విదేశంలో ఆ సిమ్‌తో ఇంటర్నెట్ వాడకాన్ని, మాత్రం ఆపివేయండి.

ఇంటివాళ్ల నంబర్లన్నిటికీ ముందు +91 చేర్చి దాచుకోండి. దుబాయి ఉన్న ఎమిరేట్స్ (యూఏఈ) దేశంలో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గానీ కాల్స్‌పై ఆంక్షలున్నాయి. అందుచేత అక్కడి ప్రీపెయిడ్ సిమ్‌ను సొంత పేరు మీదే తీసుకుని, భారతదేశానికి మాట్లాడే ప్యాక్ వేయించుకోండి. ఇతరుల పేరు మీదున్న సిమ్‌ను స్నేహితుడే ఇచ్చినా వాడకండి.