ఎలక్ట్రిక్ స్కూటర్‌ని లగేజీ వ్యానులో ఎక్కించి కట్టడం ఎలా?

శ్రీకాకుళంలో కొన్న స్కూటర్‌ని విశాఖలో చదువుకునే పిల్లలకి పంపాలన్నా, దారిలో ఆగిపోయిన బండిని విజయనగరం సర్వీస్ సెంటర్‌కి చేర్చాలన్నా చాలామంది చేసేది ఒకటే. టాటా ఏస్ మాట్లాడుకుని, పెట్రోల్ బండిలాగే లాగి ఎక్కించి, సీటు మీంచి నైలాన్ తాడు వేసి బిగించేస్తారు. ఎలక్ట్రిక్ స్కూటర్‌కి ఈ పద్ధతి పనికిరాదు. చాలా మోడళ్లలో బ్యాటరీ కాళ్లు పెట్టుకునే ఫ్లోర్ కిందే ఉంటుంది. బండిలో అన్నిటికంటే ఖరీదైన భాగం అదే, ఎక్కించేటప్పుడు దెబ్బ తగిలేదీ అక్కడే.

ఏస్ బాడీ పొడవు సుమారు 7 అడుగులు, స్కూటర్ ఆరడుగులు అటూ ఇటూ. పొడవునా తిన్నగా సరిపోతుంది, అడ్డంగా తిప్పాల్సిన పని లేదు. బరువు మోడల్‌ని బట్టి 110 నుంచి 135 కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు కలిసి చేతులతో ఎత్తే ఆలోచన మానుకోండి. అలా ఎత్తినప్పుడు పట్టు దొరికేది ప్లాస్టిక్ ప్యానెళ్ల దగ్గరే, అవి చేతిలోకి ఊడొస్తాయి.

కావలసినవి: నాలుగు రాట్చెట్ బెల్టులు (పిడిని నొక్కుతూ బిగించేవి, పాలిస్టర్‌వి, కనీసం 3 మీటర్ల పొడవు), రెండు మూడు చిన్న బట్ట బెల్టులు, నాలుగు గోనెసంచులు, ఒక పాత టైరు, 8 అడుగుల సెంట్రింగ్ చెక్కలు రెండు. చెక్క 2 అంగుళాల మందం, 10 అంగుళాల వెడల్పు ఉండాలి. బెల్టు చీటీ మీద రెండు అంకెలు ఉంటే చిన్నదే లెక్క. పెద్దది తెగిపోయే బరువు. చిన్న అంకె 250 కిలోలకి తగ్గకుండా చూసుకోండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, కొబ్బరి తాడు కుదుపులకి వదులవుతుంది. రెండూ వద్దు.

బయల్దేరే ముందు ఛార్జ్ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. నిండుగా ఛార్జ్ అయిన లిథియం బ్యాటరీకి ఏదైనా దెబ్బ తగిలితే అందులోంచి బయటికొచ్చే వేడీ ఎక్కువే. ఛార్జింగ్ పోర్టు మూత బిగించండి, అద్దాలు విప్పెయ్యండి. ఆప్‌లో దొంగతనం అలారం ఉంటే ఆపెయ్యండి, లేకపోతే దారి పొడవునా అరుస్తూనే ఉంటుంది.

ఇక అసలు చిక్కు చెక్క దగ్గర. ఏస్ బాడీ నేల నుంచి సుమారు రెండున్నర అడుగుల ఎత్తు. ముందు చక్రం పైకెక్కి, వెనక చక్రం ఇంకా చెక్క మీద ఉన్నప్పుడు బండి పొట్ట వ్యాను అంచుకి దగ్గరవుతుంది. ఆరడుగుల చెక్క వేస్తే ఆ క్షణంలో బండి కింద దాదాపు ఐదున్నర అంగుళాల ఖాళీ కావాలి. చాలా స్కూటర్లకి ఉండేది ఆరంగుళాలే. కాస్త కుదుపొస్తే బ్యాటరీ కవరు అంచుకి రాసుకుంటుంది. ఎనిమిదడుగుల చెక్కయితే నాలుగంగుళాలు చాలు. అంతకంటే మంచి ఉపాయం, వ్యానుని వెనక్కి తీసుకెళ్లి రోడ్డు గట్టుకో, రైస్ మిల్లు లోడింగ్ అరుగుకో ఆనించడం. మన ఊళ్లలో అలాంటి చోటు వెతికితే దొరక్కపోదు. చెక్క పై చివర జారకుండా వ్యాను కొక్కేనికి కట్టండి. తడిగా ఉంటే చెక్క మీద గోనెసంచి పరిచి మేకులు కొట్టండి.

పవర్ ఆపేసి ఎక్కించాలి. మోటారుతో ఎక్కిస్తే చెమట పట్టదు కదా అనిపిస్తుంది గానీ, యాక్సిలరేటర్ ఒక్క పిసరు ఎక్కువ తిరిగితే బండి క్యాబిన్ గోడకి గుద్దుకుంటుంది. ముగ్గురు కావాలి. హ్యాండిల్ పట్టుకునే మనిషి రెండో చెక్క మీద నడవాలి, మిగతా ఇద్దరు వెనక గ్రాబ్ రెయిల్ (సీటు వెనక పట్టుకునే కడ్డీ) దగ్గర నెట్టాలి. హ్యాండిల్ మనిషి వేళ్లు ఎప్పుడూ ఎడమ బ్రేకు మీదే ఉండాలి. ఏటవాలులో బరువంతా వెనక చక్రం మీదికి వస్తుంది, కుడి బ్రేకు పట్టుకుంటే ముందు చక్రం ఆగినా బండి జారుతూనే ఉంటుంది.

పైకెక్కాక బండి ముఖం క్యాబిన్ వైపే ఉండాలి. ముందు చక్రానికీ క్యాబిన్ గోడకీ మధ్య పాత టైరు పెట్టి, చక్రాన్ని దానికి ఆనించండి. హ్యాండిల్ తిన్నగా ఉంచండి, లాక్ వెయ్యొద్దు. సైడ్ స్టాండూ, సెంటర్ స్టాండూ రెండూ ఎత్తెయ్యాలి. స్టాండు మీద నిలబెట్టి బెల్టు లాగితే ఆ బిగింపంతా స్టాండు మీద పడుతుంది. అది వంగితే సైడ్ స్టాండు సెన్సర్ పాడై, దించాక బండి కదలనని మొండికేస్తుంది. డ్రైవర్ ‘స్టాండు వెయ్యకపోతే పడిపోద్ది సార్’ అంటాడు. నాలుగు మూలలా సరిగ్గా కడితే పడదు.

ముందు బెల్టులే ముఖ్యం. మడ్‌గార్డు పైన కనిపించే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే) గొట్టాల చుట్టూ చిన్న బట్ట బెల్టు ఉచ్చులా వెయ్యండి. బ్రేకు పైపూ, వైర్లూ అందులో ఇరుక్కోకూడదు. ఆ ఉచ్చులకి రాట్చెట్ కొక్కెం తగిలించి ఒక్కోటి ఒక్కో ముందు మూలకి, కిందికీ పక్కకీ ఏటవాలుగా లాగండి. ఎడమ పక్క మూడు నొక్కులు, కుడి పక్క మూడు నొక్కులు, అలా మార్చి మార్చి బిగించాలి. ఒకే పక్క బిగిస్తూ పోతే బండి అటు ఒరుగుతుంది. ఫోర్కు సగం దాకా దిగితే ఆపెయ్యండి. పూర్తిగా దించేస్తే ఆయిల్ సీళ్లు కారొచ్చు, పైగా గుంతలో పడినప్పుడు కుదుపు తినడానికి సస్పెన్షన్ మిగలదు.

వెనక రెండు బెల్టులు గ్రాబ్ రెయిల్ నుంచి వెనక మూలలకి. అది ఇనుముదో అల్యూమినియందో అయితేనే. ప్లాస్టిక్‌దైతే చట్రానికి కట్టండి. వెనక చక్రం ఇరుసుకి మాత్రం కట్టొద్దు. మోటారు చక్రంలోనే ఉన్న బండ్లకి దాని వైరు ఇరుసు పక్కనుంచే బయటికొస్తుంది, బెల్టు కింద నలిగితే రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. ఫ్లోర్ మీంచి, సీటు మీంచి ఏ బెల్టూ వెళ్లకూడదు. బెల్టు ప్యానెల్‌కి తగిలే ప్రతి చోటా గోనెసంచి మడిచి పెట్టండి. బెల్టుని మధ్యలో ఒక్క మెలి తిప్పితే గాలికి కొట్టుకోదు. మిగిలిన కొసలు ముడేసెయ్యండి. చివరగా హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. బండితో పాటు వ్యాను కూడా ఊగాలి.

ఎండలో బరకం కప్పొద్దు. కింద వేడి పట్టేస్తుంది, పైగా అది రెపరెపలాడుతూ పెయింటు గీసేస్తుంది. మామూలు వానకి భయం లేదు. కుర్రాణ్ని వెనక కూర్చోబెట్టి బండి పట్టుకోమనడం ఇక్కడ అలవాటే గానీ, ప్రమాదం.

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు వెళ్తుంటే చిలకపాలెం దగ్గర ఒకసారి ఆగి బెల్టులు చూడండి, మొదటి పది, పదిహేను కిలోమీటర్లలోనే అవి సర్దుకుని వదులవుతాయి. తర్వాత నాతవలస టోల్‌గేట్ దాటాక మరోసారి. పాలకొండ, పార్వతీపురం రోడ్లలో ఇంకా తరచుగా చూడాలి. బండి ఆర్సీ, ఇన్సూరెన్స్ నకళ్లు డ్రైవర్ దగ్గర ఉంచండి.

దారిలో బండి నుంచి పొగ, బుసబుసమనే చప్పుడు, ఘాటైన రసాయనం వాసన వస్తే వ్యాను పక్కకి ఆపి అందరూ దూరంగా వెళ్లండి. బెల్టులు విప్పే ప్రయత్నం చెయ్యకుండా 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి.

దించేటప్పుడు మొదట వెనక బెల్టులు విప్పండి. ముందువి విప్పేటప్పుడు ఒకరు హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి, నొక్కుకుని ఉన్న ఫోర్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. బండిని వెనక్కే, ఎడమ బ్రేకు వదులుతూ పట్టుకుంటూ దించండి. కింద టార్చి వేసి బ్యాటరీ కవరు చూడండి. చొట్టో పగులో కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకుండా ఆరుబయట, గోడకి దూరంగా ఉంచి సర్వీస్ వాళ్లని పిలవండి. ఏమీ లేకపోయినా, ఎండలో వచ్చిన బండిని గంటసేపు నీడలో ఉంచాకే ఛార్జర్ తగిలించండి.