బానెట్ మీద రాళ్ల దెబ్బలు: పెయింట్ వేయించే ముందు జాగ్రత్తలు

చిత్తూరు–తిరుపతి రోడ్డులో కంకర టిప్పర్ల వెనకాల తిరిగే కారుకు బానెట్ మీద చుక్కలు మామూలే. అవి కనపడగానే షెడ్డుకు పరిగెత్తొద్దు.

ముందు కారు కడిగి, ఆరాక నీడలో చూడండి. కొన్ని మచ్చలు తారు, పురుగులవే అయ్యుంటాయి. మిగిలినవాటి మీద గోరు నడపండి. తగులుకోకపోతే పాలిష్ చాలు. తగులుకుని అడుగున ప్రైమర్ (రంగు కింద వేసే పూత) కనపడితే టచప్, అంటే దెబ్బ ఉన్న చోట మాత్రమే రంగు పెట్టడం. రేకు మెరిసినా, తుప్పు చుక్క ఉన్నా వానలకు ముందే పని కానివ్వాలి. తుప్పు పెయింట్ కిందకి పాకి చుట్టూ బుడగలు లేపుతుంది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దానికా భయం లేదు.

టచప్ రంగును మీ కారు రంగుకు కంపెనీ ఇచ్చిన కోడ్ చూసే కొనండి. "తెల్లదివ్వు" అంటే కుదరదు, తెలుపులే నాలుగైదు ఉంటాయి. తుప్పు గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రైమర్, రంగు, క్లియర్ (పైన వేసే రంగులేని మెరుపు పూత) వరసగా, పుల్ల మొనతో పలచగా పెట్టాలి. ఒకేసారి నింపితే ఆరాక కుంగిపోతుంది.

అరచెయ్యంత చోట పదికి మించి దెబ్బలుంటేనే బానెట్ మొత్తం వేయించడం దండగ కాదు. ముందు పెయింట్ మందం మీటరుతో కొలిపించండి: కంపెనీ పెయింట్ సాధారణంగా 100–150 మైక్రాన్లు, 300 దాటితే కింద లప్పం ఉందని అనుమానించాలి. మెటాలిక్ రంగైతే పక్క ఫెండర్ల (ముందు చక్రాల పై రేకుల) మీదికి కూడా రంగు పలచగా కలపమనండి, లేకుంటే ఎండలో తేడా కనపడుతుంది. అక్టోబరు–డిసెంబరు వానల్లో బూత్ (పెయింట్ వేసే మూసిన గది) లేని షెడ్డులో అసలొద్దు, తేమకు క్లియర్ పాలిపోతుంది.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసేముందు ఎంత నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందో లెక్కేసుకోండి.